వంగభూమియు తెలుగు తెరయు: ఇంట చూడదగిన కొన్ని చిత్రములు

మన సంఘమువారు ఉగాదినాడు కలిసికొనినప్పుడెల్ల ఒక ప్రశ్న తప్పక వచ్చుచుండును. "పిల్లలకు తెలుగు రావడం లేదండీ, ఏం చేద్దాం?" అని ఒకరందురు. "ఇంట్లో తెలుగు సినిమాలు చూపించండి" అని మరియొకరు బదులు చెప్పుదురు. ఇంతలో ఫలాహారములు వచ్చును. ఆ ప్రసంగము అంతటితో ముగియును. ఏ చిత్రములు చూపవలెను, ఎందులకు చూపవలెను, వానికిని మనము నివసించుచున్న ఈ కలకత్తా నగరమునకును గల సంబంధమేమి అను విషయములను ఎవరును విడమరచి చెప్పగా నేను వినలేదు. ఆ లోటును కొంతవరకు తీర్చుటకే ఈ వ్యాసము. నేను చిత్రవిమర్శకుడను కాను. పగలెల్ల ఫైళ్లతో గడపి, రాత్రులందు ఇంటివారితో కూర్చుండి చిత్రములు చూచువాడను మాత్రమే.

ముందుగా మన పేటను గూర్చి నాలుగు మాటలు. ఖిదిర్‌పూర్ అనగానే ఎవరికైనను రేవు జ్ఞప్తికి వచ్చును. ఇచట ఓడల రేవు 1892లో తెరవబడినది. చేరువనున్న గార్డెన్ రీచ్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వేవారి ప్రధాన కార్యాలయము వెలసినది. అదియే నేడు ఆగ్నేయ రైల్వే కార్యాలయము. ఆ కంపెనీ మార్గము వాల్తేరు వరకు సాగుటచేత శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు రైలెక్కి ఖర్గపూర్‌నకును, అచటినుండి ఇచటికిని ఉద్యోగములకై వచ్చిరి. వారిలో గుమాస్తాలు కలరు, కూలీలు కలరు. నా తండ్రిగారును ఆ త్రోవనే వచ్చిన ఒక చిన్న ఉద్యోగి.

ఈ పేటకు మరియొక కీర్తియు కలదు. రంగలాల్ బంద్యోపాధ్యాయ, మైకేల్ మధుసూదన దత్తు, హేమచంద్ర బంద్యోపాధ్యాయ అను మువ్వురు కవులు మసలిన తావగుటచేత దీనిని వంగీయులు 'కవితీర్థ' మందురు. ఆ మధుసూదనుడు 1848 మొదలు 1856 వరకు మద్రాసులో నివసించెను. ఇచటి కవి దక్షిణమునకు పోయిన ఎనుబది యేండ్లకు అచటి నటులు ఉత్తరమునకు వచ్చిరి. మన కథ అచటనే ప్రారంభమగుచున్నది.

తెలుగున తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'. హెచ్. ఎం. రెడ్డిగారు దానిని బొంబాయిలో తీసిరి. అప్పటికి తెలుగుదేశమున మాటలను, పాటలను ముద్రింపగల స్టూడియో ఒక్కటియు లేదు. మద్రాసులో అట్టి స్టూడియో 1934లో గాని రాలేదు. రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను 1936లో వెలసినది. కావున తెలుగు చిత్రము తీయదలచినవారు బొంబాయికో, కొల్హాపురమునకో, కలకత్తాకో పోవలసియుండెను. వీనిలో సర్కారు జిల్లాలవారికి కలకత్తా అనుకూలము. 1900లో గోదావరిపై రైలువంతెన పూర్తియైనది గనుక కాకినాడ, రాజమహేంద్రవరముల నటులు హార్మోనియములతో, పెట్టెలతో రైలెక్కి హౌరాలో దిగుట సాధ్యమాయెను.

కాకినాడవాసియగు చిత్తజల్లు పుల్లయ్యగారు అట్లే వచ్చిరి. టాలీగంజ్‌లోని ఈస్టిండియా ఫిల్ము కంపెనీ పక్షమున వారు 1933లో 'సావిత్రి' చిత్రమును తీసిరి. అందు వేమూరి గగ్గయ్యగారు యముడు. దాసరి రామతిలకముగారు సావిత్రి. మరుసటి సంవత్సరము 'లవకుశ' వెలువడినది. పారుపల్లి సుబ్బారావుగారు రాముడుగను, శ్రీరంజనిగారు సీతగను నటించిరి. ఈ చిత్రము తెలుగునాట ఎంతటి సంచలనము కలిగించెననగా, పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని వచ్చి చూచిరని పెద్దలు చెప్పుకొనెడివారు. అదే కంపెనీవారు అదే సంవత్సరమున దేవకీ బోసుగారిచే తీయించిన 'సీత' వెనిస్ చిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. అనగా మన 'లవకుశ' పుట్టిన ప్రాంగణము నాటికి దేశమునందలి ఉత్తమ స్థానములలో ఒకటి అన్నమాట.

1936లో పుల్లయ్యగారే అరోరా కంపెనీ తరఫున 'అనసూయ', 'ధ్రువ' అను చిత్రములను బాలబాలికలచే నటింపజేసి తీసిరి. అందు నటించిన బాలికలలో కృష్ణవేణిగారు ఒకరు. ఆమె పేరు మరల చెప్పవలసి వచ్చును. పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

మరియొక ఋణమును కూడ చెప్పవలెను. తొలి టాకీలలో నటులు తమ పాట తామే కెమెరా యెదుట పాడవలసియుండెను. ముందుగా ఒకరు పాడిన పాటను ముద్రించి, దానికి మరియొకరు పెదవి కదలించు పద్ధతి 1935లో ఈ కలకత్తాలోనే, న్యూ థియేటర్సువారి చిత్రమున, నితిన్ బోసుగారి నిర్వహణమున ప్రారంభమైనది. తరువాతి కాలమున ఘంటసాల, లీల, సుశీలగార్ల గానము మన యింటింటికి వచ్చుటకు త్రోవ ఇచటనే పడినది.

ఆ తొలినాటి చిత్రములను ఇంట చూచుట సులభము కాదు. నాటి ఫిల్ము నైట్రేటుతో చేయబడినది. అది ఇట్టే అంటుకొనును. అంటుకొనకున్నను కాలక్రమమున జిగురై, పొడియై పోవును. దేశమున 1930 ప్రాంతపు చిత్రములలో అధికభాగము ఆ విధముగనే నశించినవి. భద్రపరచవలెనను తలంపు నాటివారికి లేకపోయెను. మన తాతలు పడిన శ్రమ బూడిదైనదని విచారించుటకంటె, మిగిలినదానిని మన పిల్లల కన్నులలో పడనిచ్చుట మేలు.

ఇక ఇంట చిత్రములు చూచు ఆచారము మన పేటలో ఎట్లు వచ్చినదో చెప్పెదను. కలకత్తా దూరదర్శన కేంద్రము 1975 ఆగస్టు 9వ తేదీన ప్రారంభమైనది. 1980 దశాబ్దమున ఆదివారము మధ్యాహ్నములందు ప్రాంతీయ భాషా చిత్రములు వంతులవారీగ వచ్చుచుండెను. తెలుగు వంతు ఎప్పుడో గాని వచ్చెడిది కాదు. వచ్చిననాడు మా యింట వంట పదకొండు గంటలకే ముగిసెడిది. తరువాత వీసీఆర్ వచ్చినది. ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్టు విదేశపు వస్తువులకు నగరమంతట ప్రసిద్ధి. అచటి గాజు బీరువాలలో ఆ యంత్రములను మేము నోరు తెరచి చూచెడివారము. కొనుటకు శక్తి లేదు. నాలుగు కుటుంబములవారు చందా వేసికొని ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, తెల్లవారులోపల మూడు చిత్రములు చూచెడివారు. ఒకపర్యాయము 'మిస్సమ్మ' అని వ్రాసియున్న క్యాసెట్టు తెచ్చితిమి. తీరా వేసినపిదప అది మరియేదో చిత్రము. దానిలోను సగము చారలే. అద్దెకిచ్చినవాడు రూకలు తిరిగి ఇయ్యలేదు. నా తండ్రిగారు ఆ రాత్రి చాపమీద కూర్చుండి మాకందరికిని మిస్సమ్మ కథను మొదటినుండి తుదివరకు నోటితో చెప్పిరి. ఆ చిత్రమును నేను తరువాత చూచితిని గాని, ఆయన చెప్పిన కథయే నాకు ముందు జ్ఞప్తికి వచ్చును.

1995లో ఈటీవీ ప్రారంభమైనపిదప తెలుగు ఇంటింటికి వచ్చినది. నేడు అంతర్జాలమున కోరిన చిత్రము చేతిలోని ఫోనునకే వచ్చుచున్నది. ఆనాడు చిత్రము దొరకదు. చూచు జనము కలరు. ఈనాడు చిత్రము దొరకును. కలిసి చూచు జనము లేరు. తండ్రి ఒక గదిలో, కుమార్తె మరియొక గదిలో, వృద్ధురాలగు తల్లి వసారాలో, ఎవరి తెర వారిది.

మా యింటి సంగతియు అంతియే. నా తండ్రిగారు గతించినపిదప మా అమ్మగారు మాటలాడుట తగ్గించిరి. మా అమ్మాయి బడిలో ఆంగ్లము, వీధిలో వంగభాష మాటలాడును; నాయనమ్మ తెలుగున అడిగినదానికి తల యూపి పోవుచుండును. వారిరువురి నడుమ కూర్చుండి దుబాసిత్వము చేయుట నా వంతు. ఒక శనివారము రాత్రి నేను 'దేవదాసు' పెట్టితిని. పావుగంట గడువకముందే అమ్మాయి ఫోను క్రిందపెట్టి, "ఇది శరత్‌బాబు కథ కదా! మా పాఠ్యపుస్తకాలాయన. తెలుగువాళ్ళు ఎప్పుడు తీసుకున్నారు?" అని అడిగినది. మా అమ్మగారు ఆశ్చర్యముతో, "శరత్‌బాబు బెంగాలీ ఆయనని మాకు పెద్దయ్యాకగానీ తెలీలేదే తల్లీ! మనవాడే అనుకున్నాం" అనిరి. ఆ రాత్రి ఒంటిగంట వరకు ఇరువురును మాటలాడుకొనిరి. ఒకరిది తడబడు తెలుగు, మరియొకరిది ఓపిక. నా దుబాసిత్వముతో పని లేకపోయెను.

ఈ వ్యాసము వ్రాయుటకు ఆ రాత్రియే కారణము. ఖిదిర్‌పూర్‌లో పెరుగుచున్న తెలుగుబిడ్డకు చూపదగిన చిత్రములను మొట్టమొదట ఎన్నుకొనవలసినచోటు ఇదియే: వంగకథలనుండి తెలుగైన చిత్రములు. వానియందు బిడ్డకు తెలిసిన కథ, తెలియని భాషలో వచ్చును. కథ చేయిపట్టి భాషలోనికి నడపించును.

వంగకథలు మనకు అంత సులభముగ ఎట్లు ఇమిడినవి? అనువాదకుల నేర్పు ఒక కారణము. 'చక్రపాణి'గా ప్రసిద్ధులైన తెనాలివాసి ఆలూరి వేంకట సుబ్బారావుగారు క్షయవ్యాధితో మదనపల్లె ఆరోగ్యశాలలో ఉన్న దినములలో వంగభాష నేర్చుకొని, శరత్ నవలలను తెనిగించిరి. కాని దీనికి చరిత్రలో లోతైన కారణము మరియొకటి కలదని నా అభిప్రాయము. కారన్‌వాలిస్ ప్రభువు 1793లో వంగదేశమున నెలకొల్పిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మన ఉత్తర సర్కారులకు వచ్చినది. కావున శరత్‌బాబు వ్రాసిన జమీందారు లోగిలి, దివాను, కచేరి చావడి, అన్నదమ్ముల వ్యాజ్యములు, సవతితల్లి పెత్తనము విజయనగరమువానికి క్రొత్తవి కావు. పేర్లు మార్చిన చాలును, కథ తనదే. మద్రాసు రాష్ట్రమున జమీందారీలను రద్దుచేయు శాసనము 1948లో వచ్చినది. ఆ లోగిళ్లు చరిత్రలో కూలిపోవుచున్న సంవత్సరములందే తెలుగు తెరపై లేచి నిలిచినవి. ఈ దృష్టితో చూచినచో ఈ చిత్రములు కాలక్షేపము మాత్రమే కావు.

ఇక చిత్రములు. మొదటిది 'మన దేశం' (1949). పైన చెప్పిన కృష్ణవేణిగారే దీని నిర్మాత. కలకత్తావారి చిత్రమున బాలనటియైన ఆమె, పదుమూడేండ్లకు శరత్‌బాబు 'విప్రదాసు'ను ఎల్. వి. ప్రసాద్‌గారిచే చిత్రముగ తీయించినది. నందమూరి తారకరామారావుగారు తొలుత కనిపించినదియు ఇందే. కృష్ణవేణిగారు నూరేండ్లు నిండి 2025లో పరమపదించిరి.

రెండవది 'దేవదాసు' (1953). ప్రమథేశ్ బారువాగారు 1935లో న్యూ థియేటర్సు పక్షమున ఈ కథను వంగభాషలో తీసిరి. తెలుగున వేదాంతం రాఘవయ్యగారు దర్శకులు. అక్కినేని నాగేశ్వరరావుగారు, సావిత్రిగారు నాయికానాయకులు. సంగీతము కూర్చిన సి. ఆర్. సుబ్బురామన్‌గారు చిత్రము విడుదలకు ముందే కీర్తిశేషులైరి. త్రాగుడును పెద్దచేసి చూపిన చిత్రమని కొందరందురు. పిల్లలతో చూచునపుడు ఒక మాట చెప్పవలెను: దేవదాసు దుఃఖము గొప్పది కావచ్చును, అతని నడవడి గొప్పది కాదు; ఇంటిని నిలిపినది పార్వతి.

మూడవది 'అర్ధాంగి' (1955). మణిలాల్ బెనర్జీగారి 'స్వయంసిద్ధ' దీనికి మూలము, తెనిగించినవారు మద్దిపట్ల సూరిగారు, దర్శకులు పి. పుల్లయ్యగారు. ఈయన వేరు, మన 'లవకుశ' పుల్లయ్యగారు వేరు. మందబుద్ధియని అందరు త్రోసివేసిన జమీందారు కుమారుని, చదువుకొన్న భార్య ఓర్పుతో మనిషిని చేయుట ఇందలి కథ. ఆడపిల్లకు చదువెందులకని అడుగువారు నేటికిని కలరు గనుక ఇది పాతబడలేదు.

నాలుగవది 'మిస్సమ్మ' (1955). రవీంద్రనాథ మైత్రగారి 'మానమయీ గర్ల్స్ స్కూల్' అను వంగనాటకము దీనికి ఆధారము. ఉద్యోగము లేని యిరువురు యువజనులు భార్యాభర్తలమని బొంకి బడిలో కొలువు సంపాదింతురు. నిరుద్యోగమును గూర్చి ఇంత నవ్వించుచు చెప్పిన చిత్రము నేను మరియొకటి చూడలేదు. సంభాషణలు స్వచ్ఛమైన ఇంటి తెలుగు. భాష నేర్చుకొనువారికి ఇంతకు మించిన పాఠము లేదు.

'తోడికోడళ్ళు' (1957) శరత్‌బాబు 'నిష్కృతి'కి తెలుగు రూపము. ఉమ్మడి కుటుంబమున మాట ఎట్లు విరుగునో, ఎట్లు అతుకునో కన్నాంబ, సావిత్రి, సూర్యకాంతముగార్లు చూపుదురు. 'మాంగల్యబలం' (1959) ఆశాపూర్ణాదేవిగారి 'అగ్నిపరీక్ష'నుండియు, 'బాటసారి' (1961) శరత్‌బాబు 'బడదీది'నుండియు వచ్చినవి. రెండవదాని నడక మందము. పెద్దవారు తాము ముందు చూచి, పిదప పిల్లల కోరికనుబట్టి చూపవచ్చును.

వంగసంబంధము లేకున్నను విడువరానివి రెండు కలవు. బి. ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' (1951) విజయనగర రాజుల కాలపు కథ. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలు వినుటకైనను చూడవలెను. కె. వి. రెడ్డిగారి 'మాయాబజార్' (1957) చూచిన పిల్లలు మరునాడు ఇంట 'అసమదీయులు', 'తసమదీయులు' అని పిలుచుకొనకమానరు. మా యింట ఇప్పటికిని అన్నము కలుపునపుడు ఘటోత్కచుని పేరు వచ్చుచునే యుండును.

పిదప 'లవకుశ' (1963). కలకత్తాలో 1934లో ఈ కథను తీసిన చిత్తజల్లు పుల్లయ్యగారే మద్రాసులో మరల దీనిని రంగులలో ప్రారంభించిరి. ధనము చాలక పని సంవత్సరముల తరబడి నిలిచిపోయినది. తరువాత వారి కుమారుడు సి. ఎస్. రావుగారు పూర్తిచేసిరి. తండ్రి మొదలిడినది కుమారుడు ముగించుట, అదియును తండ్రి కొడుకులను ఎరుగని కథను! మా అమ్మగారు పదేండ్ల ప్రాయమున ఎడ్లబండిపై పోయి దీనిని చూచిరట. 1934లో వారి పెద్దలు చూచినదియు అట్లే. తొలి 'లవకుశ' కాలమును తడవదలచినవారికి దగ్గరి మెట్టు ఇదియే.

తుదకు రెండు చిత్రములు. ఇవి పెద్ద పిల్లలకు మాత్రమే తగును. మృణాల్ సేన్‌గారు ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను గ్రహించి 1977లో 'ఒక ఊరి కథ'ను తెలుగున తీసిరి. కలకత్తావారే యగు గౌతమ్ ఘోష్‌గారు 1979లో తెలంగాణ రైతుల పోరాటమును గూర్చి 'మాభూమి'ని తీసిరి, బి. నర్సింగరావుగారు దాని నిర్మాత. ఇరువురికిని తెలుగు మాతృభాష కాదు. మనము ముప్పదియేండ్లు వంగకథలలోని దొరల లోగిళ్లను లోపలినుండి చూచితిమి. ఆ గోడలకు వెలుపల నిలిచిన కూలివాని ముఖమును మనకు చూపినవారు వంగదేశపు దర్శకులు. ఇచ్చిపుచ్చుకొనుట అనగా ఇదియే.

చూచు విధమును గూర్చి కొన్ని మాటలు. నెలకు ఒక చిత్రము చాలును. పాత చిత్రములలో పెక్కు మూడు గంటలకు పైబడినవి. విశ్రాంతివద్ద ఆపి, మిగిలినది మరునాడు చూచిన పిల్లలు విసుగుచెందరు. అంతర్జాలమున కత్తిరించిన ప్రతులు అనేకములు తిరుగుచున్నవి; హక్కుదారులు ఉంచిన పూర్తి ప్రతియేనా అని నిడివి చూచి నిర్ణయించుకొనవలెను. ఇంటి పెద్దవారిచే ముందుగా కథను రెండు మాటలలో తెలుగున చెప్పించవలెను. నడుమ ప్రతి మాటకును అర్థము చెప్పరాదు. తెలియని మాటను పిల్లలే అడుగుదురు. అడిగినపుడు నాయనమ్మనో తాతగారినో చూపవలెను గాని మనము తొందరపడి బదులు చెప్పరాదు. ఫోనులు వేరొక గదిలో నుండవలెను. ఈ నియమము తండ్రులకును వర్తించును.

చిత్రములు చూచినంతమాత్రమున పిల్లలు తెలుగు పండితులు కారు. ఆ ఆశ నాకు లేదు. మా అమ్మాయికి నేటికిని 'ళ' పలుకదు. అయినను ఈ మధ్య ఒక శనివారము నేను కార్యాలయమునుండి ఆలస్యముగ వచ్చితిని. తలుపు తీసియున్నది, లోపల చిత్రము నడచుటలేదు. విద్యుచ్ఛక్తి పోయి చీకటిగా నున్నది. ఆ చీకటిలో మా అమ్మగారు తమ మనుమరాలికి 'మిస్సమ్మ' కథను, నా తండ్రిగారు ఆనాడు చెప్పినట్లే, మొదటినుండి చెప్పుచుండిరి. నేను చెప్పులు విడిచి గడపవద్దనే కూర్చుండి వింటిని.